నాన్న ట్రంకుపెట్టెలో మూడు పుస్తకాలు: దేన్ని ఎంత నమ్మాలి?

పద్మ_తెనాలి | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాన్న పోయి ఏడాది కావస్తోంది. మొన్న పండక్కి ఊరెళ్ళి ఇల్లు సర్దుతూ అటక మీది ట్రంకుపెట్టె దింపించాం. సగం చెదలపాలు. బతికి బయటపడ్డవాటిలో మూడింటిని హైదరాబాద్ తెచ్చుకున్నాను.

ఒకటి సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. అట్ట ఊడిపోతే పురికొసతో కట్టి ఉంచారు. రెండోది 'ఏడు తరాలు', అలెక్స్ హేలీ 'రూట్స్'కి సహవాసి గారి సంక్షిప్త అనువాదం. మూడోది బజార్లో దొరికేది కాదు. చిన్నప్పుడు నాన్న చందమామల్లోంచి 'తోకచుక్క' సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పైన క్యాలెండర్ అట్ట అంటించుకున్న బైండు. మైదా జిగురు వాసన ఇప్పటికీ వస్తోంది, ఒట్టు.

గొడవ ఎక్కడంటే, చరిత్ర పుస్తకం ఆఖరి ఖాళీ పేజీలో నాన్న పెన్సిల్‌తో మా వంశవృక్షం రాసుకున్నారు. ఆయనతో కలిపి ఏడు తరాలు. పైన 'అక్కన్న మాదన్నల కొలువులో పనిచేసిన కరణాల వంశం' అని ఒక వాక్యం, అదే, గోల్కొండ తానీషా మంత్రులు. తమ్ముడు దాన్ని ఫ్రేము కట్టిద్దామంటాడు. మావారేమో 'రుజువు లేని మాట గోడకెక్కిస్తే మన మనవల కాలానికి అదే చరిత్ర అయి కూర్చుంటుంది' అంటారు. మా బాబుకి పన్నెండేళ్ళు. ఆ రెంటినీ ముట్టుకోడు, మూడో దాన్ని వదలడు.

మీరైతే ఈ మూడింట్లో దేన్ని ఎంతవరకు నమ్ముతారు? పిల్లాడికి ఏది ముందు చదివిస్తారు?

పాత_చందమామ | 9:31

ముందు ఆ బైండుకి దండం పెట్టుకోండమ్మా. 'తోకచుక్క' 1954 నాటిది. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు, బొమ్మలు చిత్రా. దాని తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ... ఏళ్ళ తరబడి నడిచాయి. సీరియల్ మీద ఆయన పేరు మాత్రం వేసేవాళ్ళు కాదు. ఎవరు రాస్తున్నారో తెలీకుండానే మా తరమంతా పెరిగి పెద్దదైపోయింది.

నమ్మకం సంగతి అడిగారు. ఏకాక్షి మాంత్రికుణ్ణి నేను అక్షరాలా నమ్మాను. రాత్రి దొడ్లోకి వెళ్ళాలంటే లాంతరుతో అమ్మ తోడు రావాల్సిందే.

ఓరుగల్లు_కోట | 9:58

పద్మ గారూ, ఆ పురికొస విప్పకండి, ముందు బైండింగుకి ఇవ్వండి. సురవరం వారి పుస్తకం 1949లో వచ్చింది. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన మొట్టమొదటి అవార్డు, 1955లో, దానికే. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు.

నేను బళ్ళో సోషల్ చెప్తాను. పిల్లలకి గణపతిదేవుడు ఎప్పుడు గద్దెనెక్కాడంటే నిద్రొస్తది. అదే ఈ పుస్తకం పట్టుకుని, కాకతీయుల కాలంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట్లో భోజనం ఎట్లుండెనో చెప్తే లేచి కూర్చుంటరు. క్రీడాభిరామంలో పద్యం ఉంది కదా. సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇదంతా లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు. రాజుల యుద్ధాలు పక్కకు పెట్టి జనం ఏం తిన్నరు, ఏం కట్టిన్రు, ఏ ఆటలాడిన్రు అని అంత పెద్ద ఎత్తున రాసినాయన ఇంకెవరున్నరు?

నీలి_సిరా | 10:20

పుస్తకం మీద గౌరవం ఉంచుకునే ఒక మాట. పద్యం హోటల్ బిల్లు కాదండీ. ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతిలో పడింది 1323లో. క్రీడాభిరామం తయారైంది దాదాపు వందేళ్ళు గడిచాక. రాసింది వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న తగువే ఇంకా ఉంది. తను పుట్టకముందే పోయిన నగరంలో భోజనం రేటు కవి ఎలా చెప్పాడు? కవిత్వంలోంచి చరిత్ర లాగేటప్పుడు ఎంత నీళ్ళు కలిశాయో చూసుకోవాలి. సురవరం వారు కొన్నిచోట్ల చూసుకోలేదని నా ఫిర్యాదు.

ఓరుగల్లు_కోట | 10:34

సగమే చెప్పిన్రు సార్. దానికి మూలం రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామం. ఆయన ప్రతాపరుద్రుడి కాలపువాడు. ఓరుగల్లు కళ్ళారా చూసినవాడు.

నీలి_సిరా | 10:41

ఆ మూలం ఇప్పుడు దొరకడం లేదు కదా. ఆ పద్యంలో రూక ఆయనదా, అనువదించినవాడిదా?

ఓరుగల్లు_కోట | 10:44

అది మాత్రం నేను చెప్పలేను. ఆకలి మాత్రం అయితున్నది.

రవ్వలడ్డు | 11:05

అసలు ప్రశ్నకి వద్దాం. పద్మక్కా, నాకు లెక్కలంటే కొంచెం పిచ్చి, ఏమనుకోవద్దు. మీ నాన్నగారు ఎప్పుడు పుట్టారు?

పద్మ_తెనాలి | 11:09

1941.

రవ్వలడ్డు | 11:26

ఆయనతో కలిపి ఏడు తరాలంటే వెనక్కి ఆరు అంగలు. ఒక్కో తరానికి 25 నుంచి 30 ఏళ్ళు వేద్దాం. 150 నుంచి 180 ఏళ్ళు. అంటే పైనున్న పెద్దాయన 1761కీ 1791కీ మధ్య ఎక్కడో పుట్టుండాలి. అక్కన్న మాదన్నలని చంపింది 1686లో, మరుసటి ఏడు గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. మాదన్న కొలువులో గంటం పట్టాలంటే మనిషి 1660 నాటికైనా పుట్టుండాలిగా. మధ్యలో నూరేళ్ళకి పైనే ఖాళీ. కనీసం మూడు నాలుగు తరాలు గల్లంతు.

మీ నాన్నగారిని తప్పు పట్టడం లేదు. మా ఇంట్లోనూ ఇంతే. మాది కర్నూలు వైపు. మా ముత్తాతల్లో ఒకాయన కృష్ణరాయల గుర్రానికి కళ్ళెం పట్టాడట. మా పక్కింటివాళ్ళ ముత్తాత కూడా ఆ గుర్రానికే పట్టాడట. ఆ గుర్రానికి ఎన్ని కళ్ళేలో పాపం.

పాత_రికార్డు | ఆదివారం ఉదయం 6:40

రవ్వలడ్డు తమ్ముడి లెక్క బాగుంది. ఆ గల్లంతు ఎలా అవుతుందో నేను చెప్తాను. రెవెన్యూలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి.

మనలో తాత పేరు మనవడికి పెడతాం. వెంకటరామయ్య కొడుకు సుబ్బయ్య, సుబ్బయ్య కొడుకు వెంకటరామయ్య, మళ్ళీ సుబ్బయ్య. నోటిమాటగా వచ్చేటప్పుడు ఇద్దరు వెంకటరామయ్యలు కలిసి ఒక్కడైపోతాడు. ఇద్దరు సుబ్బయ్యలూ అంతే. అక్కడికక్కడ రెండు తరాలు మాయం. ఎవరూ అబద్ధం ఆడలేదు. అమ్మా, మీ నాన్నగారి కాగితంలో పేర్లు అలా తిరుగుతున్నాయేమో చూడండి.

ఇక రుజువుల సంగతి. మీది కరణాల కుటుంబం అంటున్నారు కాబట్టి అదృష్టవంతులు. ఇంగ్లీషువాళ్ళు మాన్యాల లెక్క తేల్చడానికి 1858లో ఇనాం కమిషన్ వేశారు. ఆ రిజిస్టర్లని ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అంటారు. ఏ ఊళ్ళో ఎవరికి ఇనాం, మొదట ఎవరిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు అని గడులు గీసి రాశారు. కరణం ఇనాములూ అందులో ఉంటాయి. అక్కడ మీవాళ్ళ పేరు తగిలిందంటే 1860ల దాకా కాళ్ళ కింద నేల ఉన్నట్టే. ఇంకా వెనక్కంటే కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ పోగు చేయించిన గ్రామ కైఫీయతులు. ఊరి కరణాలు చెప్పింది, కవిలెకట్టల్లో ఉన్నది రాయించుకున్నారు. గుంటూరు, కడప జిల్లాలవి అచ్చులో దొరుకుతాయి. తెలంగాణ వాళ్ళయితే సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డులు పట్టుకోవాలి.

మాదన్న కొలువు మాట మాత్రం పైన పెన్సిల్‌తోనే ఉంచండి. పెన్ను పెట్టొద్దు.

ఎర్రమట్టి | 8:15

రిజిస్టర్లు, ఇనాములు, ఫ్రేములు అన్నీ చదివాను. ఒక్కటి అడుగుతా. పొలం లేనోడి పేరు ఏ రిజిస్టర్‌లో వెతకాలి సార్?

మా తాత పేరు నాకు తెలుసు. తాత తండ్రి పేరు ఊళ్ళో ఎవరికీ తెలీదు. 'ఫలానా వారి పాలేరు' అంతే. మా చిన్నప్పుడు డక్కలివాళ్ళు మా వాడకొచ్చి, కిన్నెర మీటుతూ జాంబపురాణం చెప్పి, ఇంటింటి పెద్దల పేర్లు పాడేవాళ్ళు. వాళ్ళకి మేం తప్ప గతి లేదు, మాకు వాళ్ళు తప్ప కాగితం లేదు. ఆ ముసలాయన పోయాడు, కొడుకు ఆటో నడుపుతున్నాడు. పాట పోయింది.

అందుకే ఇంటర్ చదివేటప్పుడు ఎవరో 'ఏడు తరాలు' చేతిలో పెడితే ఒక్క రాత్రిలో ముగించాను. ఆఫ్రికా ఊళ్ళో ఆ పెద్దాయన తరాలన్నీ ఏకరువు పెడుతుంటే, బానిసగా అమెరికాకి ఎత్తుకుపోయిన కుంటా కింటే పేరొచ్చేచోట నాకు ఆ కిన్నెర వినిపించింది. నాకది అమెరికా కథ అనిపించలేదు.

నీలి_సిరా | 9:02

ఎర్రమట్టి గారూ, మీరు చెప్పింది కాదనే ధైర్యం నాకు లేదు. కానీ పద్మ గారు అడిగింది నమ్మకం గురించి కాబట్టి, ఉన్నది చెప్పాలి.

'రూట్స్' 1976లో వచ్చినప్పుడు హేలీ అది తన కుటుంబ చరిత్రేనని, కాగితాలతో సరిచూసుకున్నానని చెప్పాడు. తర్వాత హెరాల్డ్ కోర్లాండర్ అనే రచయిత తన 'ది ఆఫ్రికన్' నవలలోంచి భాగాలు ఎత్తేశాడని కేసు వేశాడు. 1978లో హేలీ ఆరున్నర లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకున్నాడు. 1981లో గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షౌన్ మిల్స్ అనే దంపతులు వర్జీనియా రికార్డులు తిరగేశారు. కుంటా కింటేని తెచ్చిన ఓడ 1767లో వచ్చిందని పుస్తకం చెబుతుంది. అతనే అని చెప్పిన టోబీ అనే బానిస అంతకు ముందే, 1762 నాటికే అక్కడి కాగితాల్లో ఉన్నాడు. ఇక ఆ గాంబియా పెద్దాయన. హేలీ ఏం వెతుకుతూ వస్తున్నాడో ఆ ఊళ్ళో ముందే తెలుసు కాబట్టి, కావలసిందే వినిపించారని చరిత్రకారులు తేల్చారు.

నవల అని ఉంటే నాకే పేచీ లేదు. అట్ట మీద ఒక్క మాట సరిగ్గా వేయకపోవడమే నా బాధ.

రవ్వలడ్డు | 9:10

హేలీ తర్వాత తన పద్ధతికి ఒక పేరు పెట్టాడు. ఫ్యాక్ట్, ఫిక్షన్ కలిపి 'ఫ్యాక్షన్'. మా కర్నూలు వాళ్ళం ఆ మాట వింటే తలుపులేసుకుంటాం.

ఎర్రమట్టి | 9:48

నవ్వొచ్చింది బ్రదర్.

నీలి_సిరా గారూ, మీరు చెప్పినవి నాకూ తెలుసు. తెలిశాక కొన్నాళ్ళు పుస్తకం మీద కోపం వచ్చింది, అబద్ధమెందుకు. తర్వాత ఒకటి తట్టింది. మనుషుల్ని సామాను పట్టీలో ఎక్కించినవాళ్ళ కాగితం కరెక్టు, వాళ్ళ మనవడు చెప్పింది తప్పు. ఈ తీర్పు చెప్పేది మళ్ళీ ఆ కాగితమే. తేదీ తప్పని ఒప్పుకుంటా. ఓడ తప్పు కాదు కదా, సంకెళ్ళు తప్పు కాదు కదా. నా వరకు ఆ పుస్తకం మా పిల్లలు చదవాల్సిందే. ముందు పేజీలో మీరు చెప్పింది కూడా నా చేత్తో రాసి ఇస్తా.

డర్బన్_డైరీ | 11:30

ఇక్కడ నాదొక అనుభవం. ఉద్యోగరీత్యా మూడేళ్ళు డర్బన్‌లో ఉన్నాను. మద్రాసు నుంచి కూలీలతో 'ట్రూరో' అనే ఓడ అక్కడికి చేరింది 1860 నవంబరు 16న. 1911 వరకు అలా లక్షా యాభై రెండు వేల మందిని తెచ్చారు. మన విశాఖ, గోదావరి, చిత్తూరు వైపు వాళ్ళు ఎందరో. వాళ్ళ ఓడ పట్టీలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు. ఎర్రమట్టి గారు అన్న సామాను పట్టీయే అది.

ఒక పెద్దాయన తన ముత్తాత పట్టీ జిరాక్సు పట్టుకుని నా దగ్గరికొచ్చారు. ఆయనకి తెలుగు నాలుగు ముక్కలు వచ్చు, అదీ భజనల్లోవి. ఊరి పేరు గుమస్తా తన చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో గిలికాడు. భోజనాల బల్ల మీద ఆ కాగితం పెట్టుకుని గంటన్నర రకరకాలుగా పలికి చూశాం. 'వలస' అనా? 'పాలస' అనా? ఆఖరికి 'పాలెం' అని తేలింది. శ్రీకాకుళం వైపు పాలేలు ఎన్నని వెతుకుతాం? ఊరు దొరకలేదు. కానీ పట్టీలో 'ఎడమ మోకాలి మీద మచ్చ' అని ఉంది. ఆయన దాని మీద వేలు పెట్టి, 'ఈ మచ్చ ఎలా పడిందో మా ఇంట్లో ఒక కథ ఉంది, ఎద్దు పొడిచింది' అన్నారు. ఆ కథ నిజమని చెప్పడానికి కాగితం పనికొచ్చింది. కాగితానికి కథ లేకపోతే అది ఒట్టి మచ్చ.

లైబ్రరీ_టీచర్ | మధ్యాహ్నం 2:20

పెద్దవాళ్ళ తగువులో పిల్లాణ్ణి మర్చిపోయారు. ఇరవై రెండేళ్ళు స్కూలు లైబ్రరీ చూసినదాన్ని, నాకో మాట ఉంది. పాత_చందమామ గారికి కోపం వస్తుందని తెలుసు.

ఆ కథలంటే నాకూ ఇష్టమే. కానీ అమ్మాయిలకి ఇచ్చేటప్పుడు చెయ్యి ఆగుతుంది. వీరుడు రాక్షసుణ్ణి చంపుతాడు, రాజు అర్ధరాజ్యంతో పాటు కూతుర్నీ ఇచ్చేస్తాడు. ఆ పిల్లని అడిగినవాడు లేడు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె పుస్తకం తిరిగిస్తూ, 'మిస్, రాకుమారికి మిగతా సగం రాజ్యం ఇవ్వరా?' అంది. నా దగ్గర జవాబు లేదు.

పాత_చందమామ | 2:41

కోపమెందుకమ్మా. ఆ కాలం అలాంటిది. జానపద కథల చట్రమే అది. అయినా తెలుగు వాక్యం ఎలా రాయాలో నేర్పింది చందమామ కాదా? కొడవటిగంటి కుటుంబరావు గారి కత్తెర కింద నుంచి వచ్చిన వాక్యాలవి. ఒక్క మాట ఎక్కువుండదు. ఇప్పటి పిల్లల పుస్తకాలు చూడండి, ప్రతి పేజీ చివర ఒక నీతి. పిల్లలు పారిపోరూ మరి?

లైబ్రరీ_టీచర్ | 2:50

వాక్యం విషయంలో నూటికి నూరు ఒప్పుకుంటాను. ఆ అమ్మాయి ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

కొత్త_పాఠకురాలు | 4:05

నేనొక అమ్మగా చెప్తాను. మా అమ్మాయి ఇంగ్లీషులో మాంత్రికుల బడి కథలు ఏడు భాగాలూ మింగేసింది. తెలుగు పుస్తకం ఇస్తే మొహం తిప్పుకుంటుంది. ఒత్తులు చూస్తే టెన్షన్ అట. పద్మ గారూ, మీ బాబు ఆ 'తోకచుక్క' ఎలా చదువుతున్నాడు? అది చెప్పండి ముందు.

పద్మ_తెనాలి | 4:30

వేలు పెట్టి కూడబలుక్కుంటాడండీ. 'చ-తు-ర్నే-త్రు-డు' దగ్గర మొదటిరోజు పది నిమిషాలు ఆగాడు. ఏకాక్షి అంటే ఒక కన్ను, చతుర్నేత్రుడంటే నాలుగు అని చెప్పాను. ఇప్పుడు క్లాసులో కళ్ళజోడు పెట్టుకునే పిల్లలందరూ వాడికి చతుర్నేత్రులే. టీచరు దగ్గర్నుంచి ఫోన్ కూడా వచ్చింది.

నాకు ఆశ్చర్యం వేసింది వేరే. 'ఇది నిజంగా జరిగిందా?' అని వాడు ఒక్కసారీ అడగలేదు. వంశవృక్షం చూపిస్తే మాత్రం మొదటి ప్రశ్నే, 'తాతయ్యకి ఇదెలా తెలుసు?'

ఓరుగల్లు_కోట | 5:15

మీ బాబును నా క్లాసుకు పంపున్రి మేడమ్. చరిత్రలో మొదటి ప్రశ్న అదే.

రాజులైనా తక్కువేం తినలేదు. కాకతీయులది దుర్జయ వంశమని శాసనాలల్ల ఉంది. గణపతిదేవుని చెల్లె మైలమ వేయించిన బయ్యారం చెరువు శాసనంల వెన్నడి నుంచి వరసగా పేర్లున్నయి, ఇంట్లోవాళ్ళు చెప్పుకున్నట్టు మామూలుగా. అదే గణపతిదేవుని మోటుపల్లి శాసనం చూడున్రి. మనువు, ఇక్ష్వాకుడు, రఘువు, దశరథుడు, రాముడు, ఆ తర్వాత దుర్జయుడు! 1244లో విదేశీ వర్తకులకు అభయమిచ్చిన రేవు పట్నం అది. ఆడ చుట్టరికం జర పెద్దగ చెప్పుకుంటే పోయేదేముంది అనుకున్నరేమో. పద్మ గారి నాయన మాదన్న దాంక పోయిండు, గణపతిదేవుడు రాముని దాంక పోయిండు.

రాతి మీద చెక్కినంత మాత్రాన నిజం కాదు, అట్లని పారేసేది కూడా కాదు. మార్కో పోలో రుద్రమను రాజుగారి వితంతువని రాసిండు. అది పట్టుకుని చాలాకాలం ఆమె గణపతిదేవుని భార్య అనుకున్నోళ్ళున్నరు. బిడ్డ అని తేల్చింది శాసనాలే. ఆమె ఎప్పుడు పోయిందో తెలిసింది గూడ నల్లగొండ జిల్లా చందుపట్ల రాయితోనే, 1289.

లైబ్రరీ_టీచర్ | 5:40

ఆడవాళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి. పద్మా, మీ నాన్నగారి వృక్షంలో ఆడపేర్లు ఎన్ని?

పద్మ_తెనాలి | 5:44

ఇప్పుడే చూశాను. ఒక్కటీ లేదు. మా అమ్మ పేరు కూడా లేదు.

లైబ్రరీ_టీచర్ | 6:02

అనుకున్నాను. హేలీ ఏడు తరాలు ఒకసారి లెక్కపెట్టు. కుంటా, కిజ్జీ, జార్జి, టామ్, సింథియా, బెర్తా, ఆపైన హేలీ. ఏడుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. అతను వెతికింది వాళ్ళమ్మ వైపు వంశం. తేదీలు ఎన్ని తప్పాయో నాకు తెలీదు కానీ, అరుగు మీద కూచుని ఆ కథని దాటించింది అమ్మమ్మలే.

మీ ఇంట్లో తద్దినాలు పెడతారుగా? తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు, మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు అక్కడ పలకాలి. మీ నాన్నగారికి అవి నోటికి వచ్చే ఉంటాయి. రాయడానికి తోచలేదంతే. మేనత్తలెవరైనా ఉంటే ఇవాళే ఫోన్ చెయ్యి.

నీలి_సిరా | 6:20

నేను చదివిన విమర్శల్లో ఈ లెక్క నాకు తట్టలేదు. థాంక్స్ అండీ.

పద్మ_తెనాలి | సోమవారం రాత్రి 10:15

ఆలస్యానికి క్షమించాలి. మా పెద్దత్తకి 88. నిన్న రాత్రి ఫోన్ చేశాను. ముందు 'ఎందుకే ఇప్పుడు అవన్నీ' అంది. తర్వాత గంటసేపు పెట్టలేదు. అన్నపూర్ణమ్మ, సీతమ్మ, రత్తమ్మ. రత్తమ్మ గారిది రేపల్లె వైపు పుట్టిల్లట, కాన్పులో పోయిందట, ఆవిడ చెల్లెల్నే ముత్తాతకి మళ్ళీ ఇచ్చారట. నాన్న కాగితంలో ఒకే గీత ఉన్నచోట నిజానికి ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉన్నారన్నమాట. పాత_రికార్డు గారు చెప్పినట్టే వెంకటప్పయ్యలు ఇద్దరున్నారని కూడా అత్తే చెప్పింది, ఒకాయన 'గూని వెంకటప్పయ్య' అట. తరం ఒకటి పెరిగింది. మాదన్న ఇంకా అందలేదు.

ఫ్రేము కట్టించడం లేదు. నాన్న పేజీ అలాగే ఉంచి, ఎదురుగా కొత్త కాగితం అంటించి పెన్సిల్‌తో రాశాను. బాబు చూసి, 'అత్తమ్మమ్మకి ఎలా తెలుసు?' అన్నాడు. వాళ్ళ నాయనమ్మ చెప్పిందిరా అంటే, సరే అని వెళ్ళిపోయాడు.

సాంఘిక చరిత్ర బైండింగుకి ఇచ్చాను. 'ఏడు తరాలు' నేనే మళ్ళీ మొదలుపెట్టాను, నీలి_సిరా గారు చెప్పిన సంగతులు లోపలి అట్ట మీద రాసుకుని. ఇంకో అవసరం పడింది. నాన్న బైండులో 'తోకచుక్క' చివర్లో కొన్ని పేజీలు లేవు, చెదలు తిన్నట్టున్నాయి. వీడు ప్రాణం తీస్తున్నాడు. ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

పాత_చందమామ | 10:22

ఉన్నాయమ్మా. రేపు పొద్దున వరండాలో ఎండ పడ్డాక ఫొటోలు తీసి పెడతాను. ట్యూబులైటు కింద తీస్తే చిత్రా గీసిన సన్నగీతలు పోతాయి. ఏమవుతుందో మాత్రం వాడికి ముందే చెప్పకండి.